దంతచికిత్సయు దీర్ఘరోగుల యౌషధములును



నేను వైద్యుడను గాను. బాలురకు తెలుగును సంస్కృతమును బోధించుచు జీవితము గడపి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. అట్టివాడు మందులను గూర్చి మాటలాడుటేమని మీకు సందేహము కలుగవచ్చును. రోగమును గూర్చి చెప్పుటకు ఇరువురికి అధికారము కలదు. దానిని చదివినవారొకరు, అనుభవించినవారొకరు. నేను రెండవ తెగకు చెందినవాడను. చదివినవారి మాట విననందున నేను పడిన పాట్లును, పిమ్మట వారినడిగి తెలిసికొనిన సంగతులును మీకు చెప్పుటయే నేటి నా పని.

పదునాలుగు సంవత్సరములుగా నేను కీళ్లవాతముతో కాపురము చేయుచున్నాను. పాశ్చాత్యవైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమను పేర వర్ణించిన రోగమునకును దీనికిని చాల పోలిక యున్నది. ముసలితనమున కీళ్లరుగుట వేఱు, ఇది వేఱు. బయటినుండి వచ్చు క్రిములతో పోరాడవలసిన రక్షకశక్తియే దారి తప్పి, తన శరీరములోని కీళ్లపై తిరుగబడుట దీని స్వభావము. కంచె చేను మేసినట్లని మనవారనుదురే, అదియే యిది. లూపస్, వెన్నెముకను బిగించు వాతము, సొరియాసిస్‌తో వచ్చు కీళ్లవాతము, ప్రేగులలో పుండ్లు పుట్టించు కొన్ని దీర్ఘరోగములు, ఇవన్నియు ఈ కుటుంబమునకే చెందినవి. వీనికి వాడు మందులును చాలవఱకు ఒక్కటియే. అవి యేండ్ల తరబడి వాడవలసినవి.

ఇక నా కథ. మూడు సంవత్సరముల క్రిందట నా క్రింది దవడలో నొక దంతము కదలి, సలుపు ప్రారంభమయ్యెను. దంతవైద్యులు చూచి, తీసివేయక తప్పదని చెప్పి, పది దినముల తరువాత రమ్మనిరి. నేను వాడు మందుల పేరులను వారు అడుగనులేదు, నేను చెప్పనులేదు. ఇంటికి వచ్చిన నాటి సాయంకాలమే మిత్రుడొకడు పలకరింపవచ్చి, "పంతులుగారూ, మీరు మింగు మందులు రోగనిరోధకశక్తిని చంపునవి. వానిని మ్రింగుచు పన్ను పెఱికించుకొన్నచో పుండు మానునా? పది దినములు అన్నియు మానివేయుడు" అనెను. ఆ తర్కము నాకు నిర్దుష్టముగా తోచెను. మా యింటివారు "డాక్టరుగారి నొకమాట అడుగరాదా?" అనిరి. ఇంత చిన్న విషయమునకు వారికి శ్రమ యెందుకని నేను త్రోసివేసితిని. ఆనాటి రాత్రినుండియే అన్ని మాత్రలును మానివేసితిని.

మొదటి రెండు దినములు ఏమియు తెలియలేదు. మూడవనాడు ఆకలి చచ్చెను. నాలుగవనాటి యుదయమున మంచము దిగబోగా కన్నులు చీకట్లు క్రమ్మి మరల కూలబడితిని. త్రాగిన కాఫీ నిలువలేదు. ఒడలంతయు చెమట. పంటినొప్పిచేత తిండిలేక నీరసించితినని ఇంటిలోనివారనుకొనిరి. పొరుగూరనున్న మా యమ్మాయి టెలిఫోనులో నా గొంతు విని, "నాన్నగారూ, మందులు వేసికొనుచున్నారా?" అని మొట్టమొదట అడిగినది. లేదన్నాను. అరగంటలో నన్ను ఆసుపత్రికి చేర్చిరి. నా రక్తపు పోటు మిక్కిలి పడిపోయియున్నది. సూదిద్వారా హైడ్రోకార్టిసోన్ అను మందును, నరములోనికి ఉప్పునీటిని ఎక్కించిరి. సాయంకాలమునకు లేచి కూర్చుంటిని. వైద్యులు నన్ను కోపపడలేదు. "మాస్టారూ, నాలుగేండ్లుగా దినదినము వేసికొను మాత్రను ఒక్క రోజున మానవచ్చునని మీకెవరు చెప్పిరి?" అని మాత్రమడిగిరి. నాకు జవాబు లేకపోయెను.

ఆ మాత్ర పేరు ప్రెడ్నిసొలోన్. స్టెరాయిడ్ అను జాతికి చెందినది. దీని కథ కొంత చెప్పవలెను. 1948వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికాదేశమున మిన్నెసోటా రాష్ట్రములోని మేయో వైద్యశాలయందు ఫిలిప్ హెంచ్ అను వైద్యుడును ఆయన సహచరులును, కీళ్లవాతముతో నడువలేకున్న యొక స్త్రీకి కార్టిసోన్ అను పదార్థమును సూదిద్వారా ఇచ్చిరి. కొలది దినములలోనే యామె లేచి నడచినది. అందుకై హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించినది. దీర్ఘకాలము ఎక్కువగా వాడినచో ఎముకలు గుల్లబాఱుట, మధుమేహము, క్రిములు సులభముగా సోకుట మున్నగు చిక్కులు వచ్చునని పిదప తేలినది. కావున నేటి వైద్యులు దానిని సాధ్యమైనంత తక్కువ పాలున, తక్కువ కాలము వాడుదురు.

ఈ మందును హఠాత్తుగా ఏల మానరాదు? మన మూత్రపిండములపై టోపీవలె రెండు చిన్న గ్రంథులు కలవు. ఈ జాతి పదార్థమును దినదినము అవి స్వయముగా తయారుచేయును. జ్వరము వచ్చినను, గాయమైనను, శస్త్రచికిత్స జరిగినను అవి ఎక్కువగా పనిచేసి దేహమును నిలుపును. మాత్రరూపమున బయటినుండి అదే పదార్థము వచ్చుచున్నప్పుడు ఆ గ్రంథులు నిద్రపోవును. మా ప్రాంతమున కాలువనీరు వచ్చిన పిదప ఊరిబావిని చేదువారు లేక అది పూడిపోయినది. ఒక వేసవిలో కాలువ కట్టివేసిరి. బావిలో ఆనాడే నీరూరునా? పూడిక తీయుటకు దినములు పట్టును. నా దేహమున జరిగినదియు ఇదియే. కావున స్టెరాయిడ్ మాత్రను వైద్యుని యనుజ్ఞచే మెల్లమెల్లగా తగ్గింపవలెనేగాని, ఒక్కసారిగా మానరాదు. పన్ను తీయించుకొను దినమున దానిని తప్పక వేసికొనవలెను. మత్తుసూదితో ఆ చోటును మాత్రమే మొద్దుబాఱజేసి చేయు సాధారణ దంతచికిత్సకు ఆనాటి మామూలు మాత్ర చాలునని వైద్యులు చెప్పుదురు. ఒడలు తెలియకుండ మత్తునిచ్చి చేయు పెద్ద శస్త్రచికిత్స యైనప్పుడుగాని, పంటి క్రింద చీముపట్టి జ్వరము వచ్చినప్పుడుగాని మోతాదు పెంచవలసి రావచ్చును. ఎంత పెంచవలెనో వైద్యుడే చెప్పవలెను. వాంతులై మాత్ర కడుపున నిలువనిచో అది అత్యవసరమని యెఱిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అను మాటలు తెలియును. ఉత్సర్గమనగా సాధారణ విధి. అపవాదమనగా ప్రత్యేకస్థలమున దానిని ప్రక్కకు నెట్టు విధి. దంతచికిత్సకు పోవు దీర్ఘరోగికి ఉత్సర్గ మొక్కటియే: ఏ మందును స్వంతముగా మానరాదు. అపవాదములు కొన్ని కలవు. వానిని విధించు అధికారము మందు వ్రాసిన వైద్యునిదేగాని రోగిది కాదు, పొరుగువానిది అసలే కాదు. ఈ సూత్రమును మనసున నుంచుకొని తక్కిన మందులను వరుసగా చూతము.

రెండవది మెథోట్రెక్సేట్. నేను ప్రతి యాదివారమును వేసికొను మందిది. కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్క దినము మాత్రమే వేసికొనవలెను. పొరపాటున దినదినము మ్రింగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. కావున మందు పెట్టెపై వారము పేరు పెద్ద యక్షరములతో వ్రాసికొనుడు. దీని దోషములను తగ్గించుటకు ఫోలిక్ ఆసిడ్ అను మాత్రను వైద్యులు వేఱు దినమున ఇచ్చుచుందురు.

ఈ మందు వేసికొనుచు కోత కోయించుకొన్నచో పుండు మానదని నా మిత్రుడన్నట్లే ఒకప్పుడు వైద్యులలోను కొందఱనుకొనిరి. ఇంగ్లండుదేశమున దీనిని పరీక్షించి 2001లో ప్రకటించిరి. అది పంటిపనిని గూర్చినది గాక, కీళ్లవాతము గలవారికి ఎముకల శస్త్రచికిత్స జరిగినప్పటి పరీక్ష. మందు మానక కోయించుకొన్న 88 మందిలో 2రికి మాత్రమే చీముపట్టుటయో, తత్సమానమైన చిక్కో కలిగినది. కోతకు ముందు మందు మానిన 72 మందిలో 11 మందికి కలిగినది. మానినవారిలో ఆఱుగురికి కీళ్లవాతము తిరుగబెట్టినది; మాననివారిలో ఒక్కరికిని తిరుగబెట్టలేదు. ఎముకలు కోసినప్పుడే మానవలసిన పని లేనిచో, ఒక పన్ను తీయుటకు మానవలెనా? నా తర్కము ఎంత నిర్దుష్టముగా తోచినను దానికి ప్రత్యక్షప్రమాణము లేదు. ప్రత్యక్షమునకు విరోధించు అనుమానము ప్రమాణము గాదని మన తార్కికులు చెప్పిరిగదా!

ఇక దీనికి అపవాదము. చిగురు వాచి, చీముపట్టి, జ్వరము వచ్చి, క్రిమిసంహారక ఔషధములు వాడవలసినంత స్థితి యున్నచో, ఆ సోకు తగ్గువఱకు ఒకటి రెండు వారములు మెథోట్రెక్సేటును ఆపుమని వైద్యులు చెప్పుట కలదు. అప్పుడు టెలిఫోనుచేసి అడుగుటకు సిగ్గుపడరాదు.

మఱియొక ముఖ్యవిషయము. సల్ఫాజాతి మందును ట్రైమెథోప్రిమును కలిపి చేసిన కోట్రైమాక్సజోల్ అను మాత్ర యొకటి కలదు. మెథోట్రెక్సేట్ వాడువారు దానిని ముట్టరాదు. ఆ రెండును కలిసినచో ఎముకలలోని మూలుగ రక్తకణములను తయారుచేయుట మాని ప్రాణాపాయము కలుగవచ్చును. పెన్సిలిన్ జాతి మందులును కొందఱిలో మెథోట్రెక్సేటును దేహమున ఎక్కువకాలము నిలుపవచ్చును. అవసరమైనచో వైద్యులు వానిని ఇయ్యకపోరు. కాని తెలిసి ఇచ్చుట వేఱు, తెలియక ఇచ్చుట వేఱు. నొప్పిమాత్రల సంగతియు నంతియే. కీళ్లనొప్పికి ఇంటిలో డైక్లోఫెనాక్ వేసికొనుచు, పంటినొప్పికని ఐబుప్రోఫెన్ తెచ్చుకొన్నచో ఒకే జాతి మందును రెండింతలు మ్రింగినట్లగును. కడుపులో పుండు, మూత్రపిండములకు హాని దాని ఫలము. అట్టివారు పారాసిటమాల్ చాలునా అని ముందుగా అడుగవలెను.

నోటిలో పదేపదే పుండ్లు లేచుచున్నచో పూతమందు పూసి ఊరకుండరాదు. మెథోట్రెక్సేట్ దేహమునకు ఎక్కువైనదనుటకు అదియొక గుఱుతు కావచ్చును. రక్తపరీక్ష చేయించవలెను.

మూడవ తెగ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజైన్, లెఫ్లునమైడ్ అను మాత్రలు. సాధారణ దంతచికిత్సకై వీనిని మాన్పింపరు.

నాలుగవ తెగ సూదిద్వారా ఇచ్చు క్రొత్త జీవౌషధములు. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ మున్నగునవి. వీనిలో ఎటనర్సెప్టునకు కీళ్లవాతము విషయమున 1998లో అమెరికాలో అనుమతి లభించినది. ఇవి రక్షకశక్తిలోని యొక్కొక్క పాయను ఎంచి అణచును. తుంటి, మోకాలి కీళ్లను మార్చు శస్త్రచికిత్సలకు అమెరికాలోని కీళ్లవైద్యులును శస్త్రవైద్యులును కలసి 2017లో ఒక నియమావళి ఏర్పఱచి, 2022లో దానిని సవరించిరి. దాని ప్రకారము ఈ సూదిమందును ఒక దఫా మాని, ఆ దఫా గడువు ముగిసిన పిదప వచ్చు వారమున కోయుదురు. అనగా రెండు వారముల కొకసారి తీసికొను మందైనచో మూడవ వారమున. పుండు మానిన పిదప, ఇంచుమించు 14 దినములకు, మరల మొదలుపెట్టుదురు. టోఫాసిటినిబ్ వంటి మాత్రలను మూడు దినముల ముందు ఆపుదురు. ఇది పెద్ద కోతలకు చెప్పిన మాట. పండ్లు శుభ్రము చేయించుకొనుటకు, పిప్పిపంటిలో మందు నింపించుకొనుటకు వీనిని మాననక్కఱలేదు. అనేక దంతములను తీయించుకొనునప్పుడును, దవడయెముకలో మర దించి కృత్రిమదంతము నిలుపునప్పుడును కీళ్లవైద్యుని యడిగి దినము నిర్ణయించుకొనవలెను. నాకు చెప్పబడిన సులభోపాయ మొకటి కలదు. రాబోవు సూది దినమునకు కొంచెము ముందుగా పంటిపని పెట్టించుకొన్నచో, గాయము మానిన తరువాత సూది తీసికొనవచ్చును. ఒక దఫా పోగొట్టుకొనుట యుండదు.

అయిదవ తెగను చాలమంది మఱచిపోవుదురు. అవి ఎముకల బలమునకిచ్చు మందులు. స్టెరాయిడ్ వాడువారికి ఎముకలు గుల్లబాఱకుండ అలెండ్రోనేట్ అను మాత్రను వారమున కొకటి చొప్పున, లేక జోలెడ్రోనిక్ ఆసిడ్ అను మందును సంవత్సరమున కొకసారి నరములోనికి, లేక డెనోసుమాబ్ అను సూదిని ఆఱునెలల కొకసారి ఇత్తురు. ఇవి వాడువారిలో అరుదుగా, పన్ను తీసినచోట చిగురు మూసికొనక దవడయెముక బయటపడి జీవము కోల్పోవుట 2003 నుండి వైద్యపత్రికల కెక్కినది. ఎముక ఎనిమిది వారములకు మించి బయటనున్నచో ఈ వ్యాధిగా భావింతురు. భయపడవలదు. ఎముకలు గుల్లబాఱుటకిచ్చు కొలది మోతాదున ఇది మిక్కిలి యరుదు. పుట్టకురుపు రోగులకిచ్చు పెద్ద మోతాదుననే ఎక్కువ. తుంటియెముక విఱుగుటవలన కలుగు ప్రమాదము దీనికంటె పెద్దది. కావున మందు మానుట ఉపాయము గాదు. ఆ మందు మొదలుపెట్టుటకు ముందే పుచ్చిన పండ్లను తీయించియు, నింపించియు నోటిని చక్కపఱచుకొనుట ఉపాయము. అలెండ్రోనేట్ వంటివి ఎముకలో నేండ్ల తరబడి నిలుచును గనుక, వారము దినములు మానినందువలన ఫలము లేదు. డెనోసుమాబ్ దీనికి విరుద్ధము. దాని గడువు దాటించినచో వెన్నుపూసలు వరుసగా విఱుగుట కలదు. దానిని ఎవరి మాటపైనను స్వయముగా వాయిదా వేయరాదు. "సంవత్సరము క్రిందట ఒక సూది తీసికొంటిని, అది యిప్పుడెందుకు?" అని దంతవైద్యునికి చెప్పక మానకుడు. ఆయన అడుగదగిన ముఖ్యప్రశ్న అదియే.

ఆఱవది, గుండెకొఱకు వాడు ఆస్పిరిన్ వంటి రక్తము పలుచజేయు మందులు. వీనిని స్వంతముగా మానినచో రక్తము గడ్డకట్టి గుండెపోటు రావచ్చును. పన్ను తీసినచోట రక్తము కొంత యెక్కువసేపు కాఱినను, గుడ్డయుండ పెట్టి గట్టిగా కఱచిపట్టినచో ఆగును. ఆగిన గుండె యట్లు తిరుగదు.

మందుల మాట ముగిసినది. దేహమును గూర్చి నాలుగు మాటలు. కీళ్లవాతము మెడయెముకల పైభాగమును సడలింపగలదు. దంతవైద్యుని కుర్చీలో తల వెనుకకు వాల్చుటకు ముందే మెడనొప్పిగాని, చేతులలో తిమ్మిరిగాని యున్నచో చెప్పుడు. మెడక్రింద చిన్న దిండు పెట్టుదురు. దవడకీలునకును ఈ రోగము సోకును. నోరు ఎక్కువసేపు తెఱచి యుంచలేనివారు నడుమనడుమ విశ్రాంతి అడుగవలెను. ఉదయపు కీళ్లబిగువు సడలిన పిదప పోవుట సుఖము. కొందఱికి నోరెండిపోవును, కన్ను లెండిపోవును. 1933లో స్వీడనుదేశపు నేత్రవైద్యుడు ష్యోగ్రెన్ దీనిని విశదముగా వర్ణించినందున ఆయన పేరనే పిలుతురు. లాలాజలము లేనినోట పండ్లు త్వరగా పుచ్చును. అట్టివారు నీటిని గ్రుక్కగ్రుక్కగా త్రాగుచుండవలెను. చప్పరించు తీపిపదార్థములు మానవలెను. ఫ్లోరైడ్ కలిగిన పేస్టు వాడవలెను.

చిగుళ్లరోగమునకును కీళ్లవాతమునకును సంబంధ మున్నదని నేటి వైద్యులు గుర్తించిరి. చిగుళ్లు చెడినవారిలో కీళ్లవాతము ఎక్కువగా కనబడుచున్నది. కావున పండ్లు తోముకొనుట మనకు అలంకారము కాదు, చికిత్సలో భాగము. నా వ్రేళ్లు వంకరపోయి బ్రష్షు పట్టు చిక్కక విడిచిపెట్టిన దినములు కలవు. మా మనుమడు తన సైకిలు చేతిపిడికి తొడుగు రబ్బరుతొడుగును బ్రష్షుకాడకు తొడిగి యిచ్చినాడు. ఆనాటినుండి రెండుపూటల తోముకొనుచున్నాను. ఏ దుకాణమునను దొరకని వైద్యము వాడు చేసినాడు.

మోకాలిచిప్ప మార్పించుకొన్నవారు పంటిపనికి ముందు క్రిమిసంహారక మాత్ర వేసికొనవలెనా యని అడుగుచుందురు. సాధారణముగా అక్కఱలేదని అమెరికా దంతవైద్యసంఘము 2015లో చెప్పినది. కృత్రిమ కవాటము గలిగిన గుండెరోగులకును, పూర్వము గుండె లోపొరకు క్రిములు సోకినవారికిని చికిత్సకు ముందు మందు కావలెను. మీరే తెగకు చెందుదురో మీ వైద్యుడే నిర్ణయించును.

ఇన్ని సంగతులను ముసలివారెట్లు జ్ఞాపకముంచుకొందురు? ఉంచుకొననక్కఱలేదు. ఒక కాగితము చాలును. నేనిప్పుడు చొక్కాజేబులో దాచుకొను కాగితమున వ్రాసినవి ఇవి: నా రోగము పేరు, ఎన్నేండ్లనుండి యున్నది, ప్రతి మందు పేరు, ఎంత, ఏ దినమున, ఏ పూట, కడపటిసారి ఎప్పుడు తీసికొంటిని, ఎముకలకై ఎన్నడైన సూది తీసికొంటినా, ఏ మందు నాకు పడదు, నా కీళ్లవైద్యునికి కబురుపెట్టు విధము. మూలికలని, పొడులని వాడు నాటుమందులను గూడ వ్రాయుడు. కీళ్లనొప్పులకని అమ్ము కొన్ని పొడులలో స్టెరాయిడ్ కలిపిన సంగతి పలుమాఱులు బయటపడినది. ఈ కాగితమును దంతవైద్యునికిని, మందులదుకాణమువానికిని చూపవలెను. దంతవైద్యునినుండి తెచ్చిన చీటిని కీళ్లవైద్యునికి చూపవలెను. ఇరువురు వైద్యులు ఒకరినొకరు చూడకపోవచ్చును. వారిని కలుపు దూత రోగియే.

నా దంతము సంగతి చెప్పి ముగింతును. ఆసుపత్రినుండి వచ్చిన మూడు వారములకు, మందులన్నియు వేసికొనుచునే, ఉదయము మామూలుగా మాత్ర మ్రింగి, ఫలహారము చేసి పోయి, పన్ను తీయించుకొంటిని. కాగితము చూచి దంతవైద్యులు కీళ్లవైద్యులతో రెండు నిమిషములు టెలిఫోనులో మాటలాడిరి. తీయుటకు పట్టినది పది నిమిషములు. గాయము అందఱికివలెనే మానినది. కాని నేను మందు మానిన ఆ నాలుగు దినములకు వెల చెల్లింపక తప్పలేదు. కీళ్లవాతము తిరుగబెట్టి రెండు నెలలు చొక్కాబొత్తాములు నా భార్య పెట్టవలసి వచ్చెను. పెట్టునప్పుడు ఆమె యొక్క మాటయు ననలేదు. అనియుండిన బాగుండునని నాకు తోచినది.

పన్ను తీయించుకొన్న తరువాత రక్తము గంటలకొలది ఆగనిచో, జ్వరము వచ్చినచో, వాపు మెడకు దిగి మ్రింగుట కష్టమైనచో, రెండు మూడు దినములకు నొప్పి తగ్గక పెరిగినచో, వారములు గడచినను చిగురు మూసికొననిచో ఆలసింపక వైద్యుని చూడుడు. మన మందులు జ్వరమును వాపును కప్పిపుచ్చగలవు గనుక, తక్కినవారికంటె మనము ముందుగా మేల్కొనవలెను.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, అజీర్ణము, వాంతులు, శ్వాస, కాస, జ్వరము, నోటిపూత, హృద్రోగము మొదలైనవి గలవారు పండ్లపుల్ల వాడరాదని విధించినాడు. ఈ శ్లోకములను చిన్ననాడు వల్లించితిని. అర్థమును అఱువదియేండ్లు దాటిన తరువాత తెలిసికొంటిని. వేపపుల్ల నోటపెట్టుటకు ముందే ఆ ప్రాచీనవైద్యుడు, "నీకు తక్కిన దేహమున నేమి రోగమున్నది?" అని యడిగినాడు. నోరు దేహమునుండి వేఱు కాదని ఆయన యెఱుగును. నేడు ఆ ప్రశ్న ఎవరైన మిమ్మడిగినను, అడుగకున్నను, సమాధానము మాత్రము మీరే చెప్పుడు. నేను చెప్పలేదు. అందువలననే నేడు మీకింత చెప్పవలసి వచ్చినది.